కాటా సరిచేసిన మోకాలు

సువార్త, ఇరవై మూడేళ్లు, బూట్లు నిలబడే తొడుక్కునేది, గోడ పట్టుకునేది కాదు. నాకు ఆడపడుచు. కబడ్డీలో కూతకి వెళ్తే ఎవరో ఒకర్ని ముట్టుకోకుండా తిరిగొచ్చేది కాదు.

మా ఇంటి తెలివి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంకెవరూ చెప్పరు. తెలిసినవాళ్ళు ఒక మాటంటే దానికి ఏదీ కలపం, దాన్నుంచి ఏదీ తీయం. ఊళ్ళోవాళ్ళంతా సొంత బుద్ధి వాడి చెడిపోయారని మా మామయ్య నమ్మకం. ఆయన రైసుమిల్లులో కాటా దగ్గర పనిచేశాడు. మా ఆయన అచ్చం ఆయన కొడుకే. నేను ఎమ్మే చదివాను, అయినా ఆ ఇంట్లో ఇమిడిపోయాను.

పోయినేడు ఆటలో పడి సువార్త కుడి మోకాల్లో లిగమెంటు తెగింది. ఆపరేషనైంది. కాలు అతుక్కుంది గానీ నిలకడ పోయింది. బూటు తొడుక్కోవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. దసరాకి ముందు జిల్లా జట్టు ఎంపిక. ఆలోగా కాలు నిలవకపోతే ఇంక ఆట లేదు.

ఫిజియోథెరపీ నళిని మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "బలం ఒక్కటే చాలదండీ, నిలకడ మళ్ళీ నేర్పాలి. పళ్ళు తోముకుంటున్నప్పుడు ఆ కాలి ఒక్కదాని మీదే నిలబడమనండి."

అంతే. సువార్త ఎప్పుడు ఒంటికాలి మీద నిలబడబోయినా మామయ్య బ్రష్షు పట్టుకుని ఎదురొచ్చేవాడు.

"నాన్నా, పొద్దున తోముకున్నాను!"

"పళ్ళ కోసం కాదమ్మాయ్, మోకాలి కోసం. తోము."

చిగుళ్ళు వాచాయి. ఇంకేముంది, మోకాలికి మందు బాగా పట్టిందని మా ఆయన మురిసిపోయాడు.

తర్వాత నళిని మేడమ్ రెండు బరువు మిషన్లు తెప్పించమంది. ఒక్కో పాదం ఒక్కోదాని మీద పెట్టి నిలబడితే రెండు ముళ్ళూ సమానంగా చూపించాలట. సువార్త భయంకొద్దీ బరువంతా బాగున్న కాలి మీదే వేస్తోంది. మామయ్య ఒంగి చూశాడు. ఆయనకిది తెలిసిన విద్య.

"కుడివైపు తక్కువొచ్చింది. వెయ్యండ్రా!"

మా ఆయన రుబ్బురాయి పొత్రం తెచ్చి కుడివైపు మిషన్ మీద పెట్టాడు. ఇంకా చాలలేదు. నేను పప్పుల డబ్బా పెట్టాను. ముళ్ళు సమానమయ్యాయి. మామయ్య మనవరాలు పుట్టినంత సంబరంగా మిఠాయి పంచాడు.

నళిని మేడమ్ వచ్చి పొత్రాన్ని చూసి, తనే ఎత్తి కింద పెట్టింది. "బరువు రెండు కాళ్ళూ పంచుకోవాలండీ" అంది.

మామయ్యా, మా ఆయనా మొహమొహాలు చూసుకున్నారు. పంచుకోవడమనేది మా ఇంట్లో ఎవరూ చూసిన విషయం కాదు. ఇంటి బరువంతా ఒక కాలి మీదే నడుస్తోంది, ఆ కాలు నాది. అది చెప్పడానికి నోరు తెరిచాను. పప్పుల డబ్బా లోపల పెట్టి రమ్మన్నారు, పెట్టొచ్చాను. ఎమ్మే చదివానని చెప్పానుగా.

"ఇంకోటి," అంది మేడమ్ వెళ్తూ. "నిలబడి ఉన్నప్పుడు మెల్లగా తోస్తూ ఉండండి. తను ఊహించనప్పుడు తోయాలి. పడబోతే పట్టుకోవడానికి ఒకరు పక్కనే ఉండాలి."

ఇంకేముంది! మజ్జిగ తాగుతుంటే మా ఆయన తోశాడు. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే మామయ్య తోశాడు, పాస్టరుగారి మీద పడింది. నేను చదువుకున్నదాన్ని కదా, ఇంకా లోతుగా ఆలోచించాను. మనిషి బొత్తిగా ఊహించనిది మధ్యాహ్నం కునుకులో. మంచం మీంచి తోసేశాను.

"వదినా!"

"పక్కనే ఉన్నానుగా, పట్టుకోవడానికి."

"పట్టుకోలేదుగా!"

"తోసిన చేతులు ఖాళీ లేవు."

ఆ రోజు నుంచి సువార్త మిషన్లు రెండూ మేడ మీదికి మోసుకుపోయి, తలుపు గడియ పెట్టుకుని సాధన చేసింది. దిగొచ్చాక మాత్రం మా చేతుల నుంచి తప్పించుకుంటూ తిరిగేది. వానలు తగ్గేసరికి నళిని మేడమ్ ఆమెను ఆపరేషనైన కాలి మీద నిలబెట్టి చటుక్కున తోసింది. సువార్త కదల్లేదు.

"ఇంత నిలకడ ఎలా వచ్చిందమ్మా?"

"ఈ ఇంట్లో ఉంటున్నాను మేడమ్."

మేం గర్వంతో పొంగిపోయాం.

ఎంపిక రోజు వచ్చింది. సువార్త కూతకి వెళ్ళింది. అటు ఏడుగురు అమ్మాయిలు చుట్టుముట్టారు. "పక్కనే ఒకరుండాలన్నారు!" అని అరిచాడు మామయ్య. అంతే, ముగ్గురం కోర్టులోకి పరిగెత్తాం. నేను కుడివైపు, మా ఆయన ఎడమవైపు, మామయ్య వెనక. సువార్త కూత ఆపకూడదు, మమ్మల్ని తిట్టకూడదు. కళ్ళెర్రజేసి "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటూనే ఉంది. అది తిట్టే అని ఇప్పుడు అర్థమవుతోంది.

బోనస్ గీత దగ్గర ఆమె పాయింటు కోసం ఒంటికాలి మీద ఆగింది. మామయ్యకి గుర్తొచ్చింది. వెనక నుంచి ఒక్క తోపు తోశాడు.

సువార్త చలించలేదు. మామయ్య తూలి బొక్కబోర్లా పడ్డాడు. పట్టుకోబోయిన మా ఆయన ఆయన మీద, నేను మా ఆయన మీద.

రెఫరీ ఈల ఊదాడు. మమ్మల్ని బయటికి ఈడ్చి, కూత మళ్ళీ మొదలుపెట్టించాడు. సువార్త ఇద్దర్ని ముట్టుకుని వచ్చింది. జట్టులో పేరు చదివారు.

"చూశావా, మన తోపు మహిమ!" అన్నాడు మామయ్య, మోచేతికి దూది ఒత్తుకుంటూ.

మర్నాడు సువార్త నిలబడే బూట్లు తొడుక్కుంది, గోడ పట్టుకోలేదు. బెజవాడలో గది తీసుకుంది. చిరునామా మాకివ్వలేదు.