మసి పూయని కావ్యం

పూర్వం ఒక రాజ్యంలో కొత్త కావ్యం వస్తే సభలో ఎవరైనా వాదించవచ్చు. తాటాకు ప్రతులకు మసి పూసే సారయ్య ఒక్క సభా మానేవాడు కాదు. "ఇందులో నాయకుడు ఏడ్చినంతసేపు యుద్ధం చేయడండి," అన్నాడు ఓ రోజు, కొత్తగా వచ్చిన కావ్యం గురించి.

ఆస్థాన పండితుడు నృసింహభట్టు మండిపడ్డాడు. "మసిచేతులవాడికి కావ్యవిచారమా? వీణ్ణి మళ్లీ రానివ్వకండి ప్రభూ. నాకిచ్చిన ప్రతి రెండుసార్లు చదివాను. ఒక్క లోపం లేదు."

ఆ చివరి మాట విని సారయ్య చేతులు జోడించాడు. "ఏలినవారి ప్రతికి మసి పూస్తూ నేను చదివానండి. అయ్యగారి ప్రతికి ఇంకా పూయలేదు. గంటంతో గీసిన అక్షరం మసి పడితేగాని కనబడదు."

రాజు భట్టు ఒళ్లోని కట్ట విప్పించాడు. ఆకులన్నీ బోసిగా ఉన్నాయి.

"సారయ్య వస్తాడు. మీరే మానేయండి," అన్నాడు రాజు.

"అయ్యగారినీ రానివ్వండి ప్రభూ," అన్నాడు సారయ్య. "రేపటికి మసి పూసిస్తాను. ఈసారి చదివి తిడతారు."