మంత్రిగారి పంటికింద రాయి

ఏ కాలమని అడక్కండి, ఒక రాజ్యంలో కొలువంతా ఒకే కంప్యూటర్ మీద నడిచేది. దాని కెర్నల్, అంటే యంత్రాన్నంతా నడిపించే మూల ప్రోగ్రాము, రాసింది మహామంత్రి. మెమరీలో ఒక్క పేజీ, అంటే ఓ చిన్న ముక్క, చెడినా యంత్రం మొత్తం ఆగిపోయేది. చెడిన పేజీని పక్కనపెట్టి మిగతాది నడిచేలా గుమాస్తా పైడమ్మ సరిచేసి తెస్తే, "నా రాతకే వంకలా?" అని మంత్రి మూడుసార్లు తిప్పికొట్టాడు.

పండగ విందులో మంత్రి పంటికింద రాయి కరకరమంది. బంతి చివర కూర్చున్న పైడమ్మ చప్పున లేచి నిలబడింది. ఒకరు లేస్తే అందరూ లేవాలన్నది అక్కడి ఆచారం. రాజుగారూ లేచారు, పాయసం అందకుండానే.

"ఒక్క రాయికి బంతంతా లేపుతావా? తీసి పక్కన పడేస్తే సరిపోయేదిగా," అన్నాడు మంత్రి.

"ఆ మాటే మీ కెర్నల్‌కి చెప్పమంటున్నానండి, మూడు నెలల్నించీ."

రాజుగారు పాయసం గిన్నె వైపు దిగులుగా చూసి, "ముందు ఆ పని చూడండి మంత్రిగారూ, మీ పాయసం ఆ తర్వాతే," అన్నారు.