పెళ్ళిచూపులకి బయల్దేరిన ఇల్లు

సిరిపురపు వాళ్ళింట్లో నలుగురున్నారు. నలుగురూ తెలివైనవాళ్ళే. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనేవారు కాదు. ఊళ్ళోవాళ్ళకి అది కనిపెట్టేంత తెలివి లేదు కాబట్టి, పాపం, ఆ పనీ వీళ్ళే చూసుకునేవారు.

"ఎవరేం చెప్పారో అది చెప్పినట్టు చేస్తే పొరపాటే రాదు. పొరపాట్లన్నీ సొంతంగా ఆలోచించేవాళ్ళకే" అనేది పెద్దకొడుకు తవిటినాయుడి సిద్ధాంతం. తల్లి పైడమ్మ ఆ సిద్ధాంతాన్ని కన్నది. భార్య ముత్యాలు దాన్ని కట్టుకున్నది. ఇక తమ్ముడు గవిరేసు దాన్ని మోసేవాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, పెళ్ళి కావలసినవాడు.

అప్పటికి పదకొండు సంబంధాలు వచ్చి వెళ్ళాయి. ఒకరు "కబురు పంపండి" అన్నారు. వీళ్ళు కబురు పంపి, మనుషులు మాత్రం వెళ్ళకుండా ఇంట్లో కూర్చున్నారు. అంతే, ఆ పిల్లకి వేరేచోట పెళ్ళయిపోయింది.

పన్నెండోది పాలతేరు సంబంధం. పిల్ల పేరు చిన్నమ్మలు. ఫోటోలో ఆమె ముందు పన్ను ఒకటి పక్క పన్ను మీదకి కాస్త ఎక్కి ఉంది. గవిరేసు ఆ ఫోటోని జేబులో పెట్టుకుని తిరుగుతూ, రోజూ ఆ పన్ను అక్కడే ఉందా లేదా అని చూసుకునేవాడు.

పిల్ల తండ్రి అప్పలసూరి మనిషి చేత కబురంపాడు. ఇల్లు చూడనిదే పిల్లనివ్వడట. తనకేమో మోకాళ్ళు పట్టేసి మూడు నెలలుగా మంచం దిగలేదట. గురువారం ఒంటిగంటన్నరకి రాహుకాలం వస్తుంది, ఆలోగా ఇల్లు తన కంట పడితే తాంబూలాలు పుచ్చుకుంటాడు. శుక్రవారం నుంచి మూఢం, అది మూడు నెలలకి గానీ పోదు. అన్నాళ్ళు ఆగడానికి వీల్లేదు, తుని వైపు వాళ్ళు పిల్లకోసం కాచుక్కూర్చున్నారు.

ఇంటి ఫోటో తీసి పంపుదామా అని గవిరేసు గొణిగాడు.

"ఆయన ఇల్లు చూడాలన్నాడు. ఫోటో చూడాలన్నాడేట్రా?" అన్నాడు తవిటినాయుడు.

ఇంకేముంది, ఇల్లే తీసుకెళ్ళాలని తేలిపోయింది. ముందు ఉన్న ఇంటినే కదిపి చూశారు. ఒక దూలం వరకూ కదిలింది గానీ పైకప్పు ఒప్పుకోలేదు. దాంతో విశాఖపట్నం వెళ్ళి, సినిమా షూటింగులకి క్యారవాన్లు అద్దెకిచ్చే మస్తాన్ దగ్గర పాతదొకటి కొన్నారు. మినీబస్సంత బండి. లోపల రెండు మంచాలు, వంటగట్టు, గ్యాసు పొయ్యి, స్నానాల గది, మంచినీళ్ళకో ట్యాంకు, మురికినీళ్ళకో ట్యాంకు. ఎడంపక్కన గుమ్మం.

మస్తాన్ మంచివాడు. పదేళ్ళు కాపాడిన బండి కదా, వదల్లేక వదల్లేక జాగ్రత్తలు చెప్పాడు. "దీన్ని బండి అనుకోకండి, ఇల్లు అనుకోండి. పొద్దున్నే టైర్లలో గాలి చూడండి. కింద మురికినీళ్ళ ట్యాంకు నిండగానే ఖాళీ చెయ్యండి. వెనక్కి తీసేటప్పుడు ఒక మనిషి దిగి వెనకాల నిలబడి చెప్పాలి, ఆయన ఆపమనేదాకా ఆపక్కర్లేదు." గవిరేసు అన్నీ కాగితం మీద రాసుకున్నాడు. పెళ్ళి సంగతి కదా, అక్షరం పోనివ్వలేదు.

బుధవారం గృహప్రవేశం చేశారు. పాలు పొంగించారు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, మళ్ళీ వెలగలేదు. గుమ్మానికి మామిడి తోరణం కట్టారు. దాంతో తలుపు పడలేదు. పట్టపగలు ఇంటికి తలుపులేసుకుని కూర్చోడం ఏం మర్యాద అంది పైడమ్మ.

గురువారం తెల్లవారుజామున బయల్దేరబోతూ గవిరేసు కాగితం తీశాడు. టైర్లలో గాలి చూడాలి. వంగి చూశాడు. కనపడలేదు. లోపలున్నది బయటికి తీస్తే గదా కనపడేది అన్నాడు అన్న. వాల్వులో పుల్లపెట్టి నొక్కాడు. అది బుస్సుమంది గానీ కనపడలేదు. ముత్యాలు చెయ్యిపెట్టి, ఉందండీ, చల్లగా తగుల్తోంది అంది. మస్తాన్ చూడమన్నాడు గానీ ముట్టుకోమన్లేదు కదా అని తవిటినాయుడు రెండో చక్రం దగ్గరికెళ్ళాడు. ఆ తర్వాత మూడోది, నాలుగోది. ఇంకేముంది, ఇల్లు నేలమీద కూర్చుంది. పంక్చర్ల షాపు మనిషి వచ్చి గాలి కొట్టేసరికి ఎనిమిదయింది.

గవిరేసు గడియారం చూసి, జేబులోంచి ఫోటో తీశాడు. ఐదున్నర గంటలే ఉంది. ఆ పన్ను ఇంకా ఫోటోలోనే ఉంది.

తవిటినాయుడు ట్రాక్టరు నడిపిన చెయ్యితో క్యారవాన్ని బాగానే లాగించాడు. హైవే మీద టీ కోసం ఆగారు. దిగబోతే గుమ్మం ముందు చెప్పుల్లేవు. బయల్దేరేటప్పుడు గడప బయటే విడిచామే అనుకున్నారు నలుగురూ. ఇల్లన్నాక చెప్పులేసుకుని లోపలికెలా వెళ్తారు? ఎవరో ఎత్తుకుపోయారని తేలింది. రోడ్డుపక్క కొట్లో కొత్తవి కొన్నారు. టీ తాగారు, గడప బయట బుద్ధిగా విడిచారు, ఎక్కారు, వెళ్ళిపోయారు. తర్వాత ఆగినచోటా అదే దొంగతనం. మూడోసారి ముత్యాలుకి ఉపాయం తట్టింది.

"రెండూ విడిస్తే గదా దొంగ ఎత్తుకెళ్తాడు? ఒకటే విడిచి, ఒకటి చేతిలో పట్టుకుని ఎక్కుదాం. ఒంటి చెప్పు వాడికెందుకు?"

అంతే, నాలుగోచోట దిగేసరికి తలో చెప్పు మిగిలింది. ఇంత పంతం పట్టిన దొంగని ఎక్కడా చూడలేదు అంది పైడమ్మ.

ఆ నాలుగోచోటే ట్యాంకు గొడవ. మురికినీళ్ళ ట్యాంకు సగానికి వచ్చిందని మీటరు మీద ముల్లు చూపిస్తోంది. వాసన కూడా అదే చెబుతోంది. ఖాళీ చేద్దామన్నాడు గవిరేసు. నిండగానే ఖాళీ చెయ్యమన్నాడు, సగానికే చెయ్యడానికి మనమెవరం అన్నాడు తవిటినాయుడు. సరే, నింపడం మొదలెట్టారు. మంచినీళ్ళ ట్యాంకులోవన్నీ బకెట్లతో తోడి స్నానాల గదిలో పోశారు. చాల్లేదు. రోడ్డవతల బోరింగు కొట్టి పదహారు బకెట్లు తెచ్చి పోశారు. ట్యాంకు నిండింది. అప్పుడు బీడులో గొయ్యి తవ్వి, దర్జాగా ఖాళీ చేశారు. మస్తాన్ చూస్తే మురిసిపోయేవాడని అందరూ అనుకున్నారు. గడియారం పదకొండు దాటింది.

ఇంకాసేపటికి హైవే వదిలి పాలతేరు రోడ్డెక్కారు. మూడు కిలోమీటర్లే. గవిరేసు తల దువ్వుకున్నాడు. అప్పుడు పైడమ్మ గుమ్మంలోంచి ఎండని చూసి గుండె పట్టుకుంది.

"ఒరే తవిటీ, బండాపు. గుమ్మం దక్షిణానికి తిరిగింది."

నిజమే. పాలతేరు రోడ్డు నేరుగా పడమటికి వెళ్తోంది. గుమ్మం ఎడంపక్కనుంది. ఈ కథ చెప్పేవాడికి దిక్కులంటే ఎప్పుడూ తికమకే, ఎవరి పెరట్లోంచో సూర్యుణ్ణి చూస్తే గానీ తూర్పేదో తెలీదు. కాబట్టి ఈ ఒక్క విషయంలో వాళ్ళని చూసి నవ్వే అర్హత అతనికి లేదు.

దక్షిణ గుమ్మం ఇల్లు చూపించి పిల్లనడిగితే ఎవరిస్తారని పైడమ్మ వాదన. తవిటినాయుడు స్టీరింగు మీద గడ్డం ఆనించి ఆలోచించాడు. తర్వాత బండిని రోడ్డుమీదే ఇటు తిప్పి అటు తిప్పి, మూతి తూర్పుకి పెట్టాడు. గుమ్మం ఉత్తరానికి వచ్చింది. దివ్యమైన వాస్తు. ఇక పడమటికి వెళ్ళడం అంటారా, రివర్సులో వెళ్ళడమే.

రివర్సంటే కాగితంలో ఉంది కదా, వెనకాల మనిషుండాలి. అంతే, గవిరేసు దిగాడు. ఒంటి చెప్పుతో బండి వెనకాల నడుస్తూ, చెయ్యి ఊపుతూ "రానీ, రానీ" అనడం మొదలెట్టాడు. రెండు గేదెలు, ఒక ఆటో, ఒక స్కూలు బస్సు దారిచ్చాయి. మోటారుసైకిలు మీద ఎదురొచ్చిన కానిస్టేబులు మాత్రం ఇవ్వలేదు.

"ఎందుకయ్యా వెనక్కి నడుపుతున్నావు?" అనడిగాడు.

"వెనక్కి కాదు బాబూ, ముందుకే వెళ్తన్నాం. ఇల్లే అటు తిరిగి ఉంది" అన్నాడు తవిటినాయుడు.

"మీ ఇల్లెక్కడ?"

"ఇదే."

"ఏ ఊరు?"

"ఇంకా రాలేదు బాబూ. రెండు కిలోమీటర్లుంది."

కానిస్టేబులు కాసేపు తన టోపీ తీసి లోపల చూసుకున్నాడు. తర్వాత మోటారుసైకిలు పక్కకి తీసి తనూ దారిచ్చాడు. అది తన తెలివికిచ్చిన మర్యాద అనుకున్నాడు తవిటినాయుడు.

పన్నెండూ ముప్పావుకి పాలతేరు వచ్చింది. అప్పలసూరి ఇంటి ముందు తాటాకు పందిరి, పందిరి వెనక అరుగు, అరుగు మీద మంచం, మంచం మీద అప్పలసూరి. ద్వారబంధం పక్కన నిలబడి ఒకమ్మాయి చూస్తోంది. గవిరేసు ఆమెని చూశాడు. ఆమె అతని ఒంటి చెప్పు చూసి నవ్వింది. పన్ను కనపడింది. ఫోటోలో కన్నా బాగుంది.

కళ్ళు అక్కడ ఉండిపోయాయి. నోరు మాత్రం మూడు కిలోమీటర్ల అలవాటు కొద్దీ "రానీ, రానీ" అంటూనే ఉంది. ఇంకేముంది, ఇల్లు వచ్చింది. పందిరిలోంచి వచ్చింది. అరుగు స్తంభాన్ని పడేసి మరీ వచ్చింది. మూడు నెలలుగా మంచం దిగని అప్పలసూరి ఒక్క గంతులో పిట్టగోడ మీదకెక్కాడు.

"ఎవడ్రా ఈ క్లీనరు?" అని అరిచాడు గోడ మీంచి.

"క్లీనర్ని కాదండి. పెళ్ళికొడుకుని" అన్నాడు గవిరేసు. పన్నెండోదీ పోయిందనుకున్నాడు.

అప్పలసూరి తిట్టబోయి కిందకి చూశాడు. తన మోకాళ్ళు చూసుకున్నాడు. గోడ దిగాడు. మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ దిగాడు. ముగ్గురు డాక్టర్లు చెయ్యలేని పని అని పక్కింటివాళ్ళని పిలిచి చూపించాడు. స్తంభం సంగతి ఆ తర్వాత ఎత్తలేదు.

ఇల్లంతా తిరిగి చూశాడు. మంచాలు నొక్కాడు. ఉత్తరపు గుమ్మం చూసి తలాడించాడు. మరి ఇరుగుపొరుగు ఎలాంటివాళ్ళని అడిగాడు. ఎవరు కావాలో మీరే చెప్పండి బావగారూ, వాళ్ళ పక్కనే పెడతాం అన్నాడు తవిటినాయుడు. ఆ మాట ఆయనకి నచ్చింది. కానీ ఇంకో అనుమానం వచ్చింది. మీ ఇల్లు సగం మా ఇంట్లో ఉంది కదా, అయితే అబ్బాయి ఇల్లరికం వచ్చినట్టా అన్నాడు.

సిరిపురపు వంశంలో ఇల్లరికం లేదు. తవిటినాయుడు నిటారుగా నిలబడ్డాడు.

"మా తమ్ముడు మా ఇంట్లోనే ఉంటాడు. ఇల్లరికం వచ్చింది ఇల్లు."

అప్పలసూరి న్యాయమేనన్నాడు. ఒంటిగంటా పావుకి తాంబూలాలు పుచ్చుకున్నారు. ఆ సందట్లో చిన్నమ్మలు గవిరేసుని, ఇంటితో వచ్చి మీరెందుకు నడిచారని అడిగింది. ఇంటితోనే వచ్చాను, కాకపోతే బయట అన్నాడతను. ఆమె మళ్ళీ నవ్వింది. అతనికి ఇక లోకంతో పనిలేదు.

ఇక రాహుకాలం రాకముందే బయటపడాలి. పైడమ్మ హడావుడి పడిపోయింది. కాబోయే కోడలు పిల్లని ఒక్కసారి వంటగట్టు చూసుకోమని లోపలికి తీసుకెళ్ళింది. చిన్నమ్మలు ఊరికే నిలబడకుండా, అక్కడున్న గ్లాసులు సర్దడానికి వంగింది. విరిగిన స్తంభానికి బండి తగులుతుందేమో చూసి రమ్మని గవిరేసుని వెనక్కి పంపారు.

"అందరూ ఎక్కారా? లెక్కపెట్టు" అన్నాడు తవిటినాయుడు సీట్లోంచి.

ముత్యాలు వేలుపెట్టి లెక్కపెట్టింది. అత్త ఒకటి, ఆయన రెండు, తను మూడు, వంటగట్టు దగ్గర వంగిన వీపు నాలుగు. నలుగురం వచ్చాం, నలుగురం ఉన్నాం, పోనీ అంది. అంతే, ఇల్లు అరుగు మీంచి ఊడి, తూర్పు ముఖంగా దూసుకుపోయింది.

దుమ్ము తగ్గేసరికి వాకిట్లో ఇద్దరే ఉన్నారు, గవిరేసు, అప్పలసూరి.

"ఏమయ్యా, మా పిల్లేదీ?" అన్నాడు అప్పలసూరి.

"మా ఇంట్లో ఉందండి."

"మరి నువ్వు?"

"మీ ఇంట్లో."

అప్పలసూరి తలపట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. గవిరేసు మాత్రం కంగారు పడలేదు. అన్నయ్య లేనప్పుడు ఆలోచించాల్సిన బాధ్యత తనదే కదా అని, ఎండలో నిలబడి నిదానంగా ఆలోచించాడు. పిల్ల అత్తారింటికి వెళ్ళిపోయింది. తను అత్తారింటికి వచ్చేశాడు. పెళ్ళివల్ల జరగాల్సింది మొత్తం జరిగింది. వచ్చి మావగారి పక్కన కూర్చుని, ఆయన వీపు మెల్లగా నిమిరాడు.

"దిగులు పడకండి మావయ్యా. పెళ్ళి సంగతి మూఢం పోయాక తీరిగ్గా చూసుకుందాం. ముందు అల్లుడి మనుగుడుపులు కానిచ్చేద్దాం. రాత్రికి కూరేటి?"