గోడ పొడవు సంఖ్య

పూర్వం ఒక రాజుగారి కొలువులో త్రిలోచనశాస్త్రి అనే గణిత పండితుడు ఉండేవాడు. ఆయన ఒకనాడు సభామండపం గోడ ఈ చివర నుంచి ఆ చివరిదాకా బొగ్గుతో ఒక సంఖ్య రాశాడు.

"ఒకటీ, తానూ తప్ప ఇంకే సంఖ్యా దీన్ని శేషం లేకుండా భాగించలేదు. కాదనేవాడు లేకపోతే ఊరవతల పచ్చిక బీడు నాకిప్పించండి ప్రభూ!" అన్నాడు.

ఆ బీడు మీదే మేకలు మేపుకునే ఎల్లవ్వ ఆ మాట విని సభలో ముందుకొచ్చింది. ఆమెకు లెక్కలు రావు. కానీ సభలో అన్నమాట సభలోనే రుజువు చెయ్యాలనీ, అది తేలేదాకా ఎవరి సొత్తు వాళ్ళదేననీ ఆ కొలువులో ఆనవాయితీ ఉందని తెలుసు.

"ఏదీ భాగించదని ఎట్లా తెలిసింది సామీ?"

"నేను చెబుతున్నానుగా!"

"చెబితే చాలదు సామీ. రెండుతో మొదలుపెట్టి, ఒక్కో సంఖ్యతో మా కళ్ళముందు భాగించి చూపండి. అయిపోగానే బీడు మీదే."

"న్యాయమే," అన్నాడు రాజు.

శాస్త్రి కూర్చున్నాడు. వానలు వచ్చి వెళ్ళాయి. మేకలు ఈనాయి. శాస్త్రికి గడ్డం పెరిగింది, కళ్ళు లోతుకు పోయాయి, లెక్క మాత్రం తెమల్లేదు. చూడలేక ఎల్లవ్వ ముంతతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"తొందరేం లేదు సామీ, నిదానంగా చెయ్యండి. ఎక్కడైనా తప్పితే మళ్ళీ రెండు దగ్గర్నించి రావాలి గదా!"

శాస్త్రి గటగటా సగం తాగాడు. మిగతా సగంతో కండువా తడిపి, లేచి వెళ్ళి గోడ తుడిచేశాడు.