మట్టి మీద మైనం

ఆ చలికాలం ఎర్నాయుడికి రెండు బెంగలు పట్టుకున్నాయి. ఒకటి కారు రంగు, రెండోది అక్క నూకాలప్ప. ఏది పెద్దదని అడిగితే నూకాలప్పే అనేవాడు. చూసేవాళ్లకి మాత్రం కారే అనిపించేది.

కారు ఎర్రది. లంబసింగి మంచు చూడ్డానికొచ్చే జనాన్ని కొండెక్కించి దింపడం అతని పని. పుష్యమాసంలో అక్కడ పొద్దెక్కినా మంచు వదలదు. రాత్రంతా కారు చెమ్మలో నానుతుంది. తెల్లారి ఘాట్ రోడ్డు బురద చింది, చలిగాలికి అలాగే బిగుసుకుపోతుంది. ఇలా వదిలేస్తే రంగు వెలిసిపోతుందని ఓ మెకానిక్ అన్నాడు. అప్పటినుంచి ఎర్నాయుడు డిక్కీలో మైనం డబ్బా, మెత్తటి గుడ్డలు పెట్టుకుని తిరుగుతున్నాడు. కాస్త ఖాళీ దొరికితే చాలు, కారుని చంటిపిల్లలా తుడుస్తూ ఉంటాడు.

ఇక అప్ప సంగతి. ఆ వైపు అక్కని అప్ప అంటారు. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది నూకాలప్పే. కారు ఇంటికొచ్చిన రోజు ఆమె నాట్లలో ఉంది. తమ్ముడు కారు కొన్నాడన్న మాట చెవిన పడగానే కాళ్లు కూడా కడుక్కోకుండా పొలం నుంచి పరుగెత్తుకొచ్చింది. ఎర్నాయుడు డోరు తీశాడు. నలుగురూ చూస్తుండగా సీటు మీదా, కిందా పాత పేపర్లు పరిచాడు.

అప్ప ఆ పేపర్ల వైపు చూసింది. అతని వైపు చూసింది.

"నాకు నడక అలవాటేలేరా" అని వెళ్లిపోయింది. మళ్లీ అతనితో మాట్లాడలేదు.

ఇప్పుడు, వచ్చే మాఘమాసంలో ఆమె కూతురి పెళ్లి. పెళ్లికూతుర్ని గంపలో కూచోబెట్టి పందిట్లోకి మోసుకురావాల్సినవాడు మేనమామ. ఆ పిల్లని చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పింది ఎర్నాయుడే. అలాంటిది, ఎవరో వరస మావయ్య గంప పడతాడని ఊళ్లో చెప్పుకుంటున్నారు. ఆ మాట విన్నాక అతనికి అన్నం సయించడం మానేసింది.

కాఫీతోటల పక్కన చిన్న ఆశ్రమంలో ఉండే మాతాజీ అతని గురువు. బాగా పెద్దావిడ. ప్రవచనాలూ అవీ చెప్పదు. వచ్చినవాళ్లకి కాఫీ ఇచ్చి, వాళ్లు చెప్పేది వింటుంది. ఎర్నాయుడంటే ఆమెకు ప్రాణం. ఆ ప్రేమంతా ఎత్తిపొడుపుల్లోనే బయటపడుతుంది.

"కారొచ్చిందే! దాంతోపాటు నువ్వూ వచ్చావేటి?" అంది ఆ ఉదయం అతన్ని చూసి.

ఎర్నాయుడు అరుగు మీద కూలబడ్డాడు. "ఇటునుంచి ఇటే అప్ప దగ్గరికెల్తన్నాను మాతాజీ. పట్టుచీర కొన్నాను. కారుకి ఇక్కడే మైనం పెట్టి, తళతళలాడించి ఆళ్ల వాకిట్లో ఆపుతాను. ఎక్కప్పా అంటాను."

"ఆ పేపర్ల మాటో?"

"అదిప్పుడెందుకండీ? పాత సంగతి. కదిపితే ఇద్దరికీ బాధే. చీర చూస్తే ఆవిడే మర్చిపోద్ది."

మాతాజీ అతను కాఫీ తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టింది.

"కాసిని గోరువెచ్చటి నీళ్లు కావాలండీ, కారుకి" అన్నాడు.

"వెనకాల పొయ్యి మీద కాగుతున్నాయి. చన్నీళ్లు కలుపుకో."

అతను బకెట్టు పట్టుకుని తిరిగొచ్చేసరికి మాతాజీ కారు పక్కన గొంతుక్కూచుని ఉంది. అతను బయటపెట్టిన మైనం డబ్బా మూత తీసి ఉంది. గుడ్డనిండా మైనం తీసుకుని, బురద ఎండి గట్టిపడిన డోరు మీద శ్రద్ధగా రుద్దుతోంది. రుద్దిన చోటల్లా కరకరమంటోంది.

ఎర్నాయుడు బకెట్టు కింద పెట్టి పరుగెత్తాడు. "మాతాజీ! ఏటి చేస్తన్నారండీ!"

"మెరిపిస్తున్నాను. నీకు తొందర కదా."

"మట్టి మీద మైనమేటండీ!"

"మైనం మంచిది కాదేటి?"

"ఎంత మంచిదైతే మాత్రం! కిందున్న మట్టి అలాగే ఉండిపోద్ది. రుద్దినకొద్దీ గీతలు పడతాయి. పైకి మెరుస్తాది గానీ లోపల రంగంతా పాడైపోద్దండీ. ముందు నీళ్లు పోసి, మెల్లగా కడిగి, ఆ తర్వాత కదా మైనం..."

అక్కడ అతని మాట ఆగిపోయింది.

మాతాజీ మోకాళ్లు పట్టుకుని లేచి, గుడ్డ అతని చేతికిచ్చింది. "నాకేం తెలుసురా కార్ల సంగతి" అని చేతులు కడుక్కోడానికి లోపలికి వెళ్లింది.

ఆమె తిరిగొచ్చేసరికి కూడా అతను అక్కడే, అలాగే ఉన్నాడు. బకెట్టులో నీళ్లు చల్లారిపోయాయి. డోరు మీద మైనమూ బురదా కలిసి మడ్డిలా అయింది. అతను దాన్ని చూడ్డం లేదు. పొలం నుంచి పరుగెత్తుకొస్తున్న అప్ప మొహం కళ్ల ముందు కదులుతోంది. ఎంత నవ్వుతూ వచ్చిందో అతనికి ఇన్నాళ్లూ గుర్తే రాలేదు.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, చీర పొట్లం తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"ఇది ఇక్కడుండనీండి. మళ్లీ వచ్చి పట్టుకెల్తాను."

మాతాజీ తలూపింది.

కారుని కడక్కుండానే తాళాలు తీశాడు. డోరు మీద చెయ్యి వేసి ఆగాడు. చిన్నపిల్లాడి గొంతుతో అడిగాడు.

"తప్పు నాదేనని చెప్పినా, అప్ప తలుపు తియ్యకపోతేనండీ?"

మాతాజీ అతని వంక ఎగాదిగా చూసింది.

"ఆ స్వెట్టరు విప్పి ఇక్కడ పెట్టు."

"ఎందుకండీ? చలి చంపేస్తంది!"

"వాకిట్లో కూచో. నువ్వలా వణుకుతుంటే ఎంతసేపని చూస్తాదిరా, నిన్ను పెంచిన మనిషి?"