మచ్చలన్నీ నిజమే

ఓబులేసుకు పెండ్లి కుదిరింది. నిశ్చితార్థానికి ఇంక పన్నెండు దినాలుంది. ఉంగరం మాత్రం కుదరలేదు.

డబ్బు లేక కాదు, అంగళ్లు లేకా కాదు. వానికి తెలివి ఎక్కువై. వజ్రాలు చూసే విద్య తొమ్మిదేండ్లు నేర్చుకున్నోడు, నలుగురి మాదిరి అంగడికి పోయి ఒక ఉంగరం కొనుక్కొని వస్తాడా? గుంతకల్లులో నాలుగు అంగళ్లు, ఆదోనిలో మూడు, కర్నూలులో ఐదు తిరిగినాడు. ప్రతి అంగట్లోనూ వాని మొదటి మాట ఒకటే. "ముందు ఆ లైట్లు ఆర్పండి."

"అంగడి లైటు కింద గాజుపెంకు కూడా మెరుస్తాదప్పా. రాయిని పగటి వెలుతుర్లో చూడాల. తెల్ల కాగితం మీద బోర్లా పెట్టి చూడాల. అప్పుడే దాని పసుపు బయటపడేది. ఎంత తెలుపైతే అంత ధర" అని నాకు పాఠం చెప్పేవాడు, నాకేదో తెలియనట్టు. నేనూ వానితో పాటు అదే గురువు దగ్గర, అదే చాప మీద కూర్చొని నేర్చుకున్నవాణ్ణే.

"నిండు క్యారెట్ అడగొద్దు, దానికి కొంచెం తక్కువది అడుగు. వేలి మీద తేడా కనపడదు, ధరలో కనపడతాది. సర్టిఫికెట్టు చూడు, బిల్లు చూడు, వెనక్కిస్తే ఎంతకు తీసుకుంటారో రాయించుకో." అన్నీ మంచి మాటలే. ఊర్లో పెండ్లి పెట్టుకున్నోళ్లకంతా చెప్పేవాడు. వాళ్లు విని, కొనుక్కొని, పెండ్లిళ్లు చేసుకొని పోయినారు. వీడు మాత్రం లెన్సు కంట్లో పెట్టుకొని తిరుగుతానే ఉన్నాడు.

పిల్ల పేరు భ్రమరాంబ. బస్సులో కండక్టరు. వాళ్లిద్దరూ ఇష్టపడి కుదుర్చుకున్న సంబంధం అది. వానికి ఆ పిల్లంటే ప్రాణం, అందులో అబద్ధం లేదు. ఆ పిల్ల ఎక్కే బస్సు టైములన్నీ వాని నోట్లో ఉండేవి.

మా గురువు దస్తగిరి సాహెబు. మేము ఉస్తాద్ అనేవాళ్లం. పొద్దున్నే దర్గాకు పోయి ఊదుబత్తి వెలిగించి వచ్చి కిటికీ పక్కన కూర్చునేవాడు. మా సీమలో తొలకరి పడితే జనం చేన్లలో వంగి వజ్రాలు వెతుకుతారు. ఏదో ఒకటి మెరిసే రాయి దొరికితే కొంగులో ముడేసుకొని ఉస్తాద్ దగ్గరికి వస్తారు. ఇది వజ్రమా, ఉత్త రాయా? వజ్రమైతే ఎంత చేస్తాది? ఉస్తాద్ యాభై రూపాయలు తీసుకొని ఉన్నదున్నట్టు చెప్పేవాడు. మంచీ చెప్పేవాడు, చెడ్డా చెప్పేవాడు. ఆ తర్వాత వాళ్లు పోయి వ్యాపారస్థులతో బేరమాడుకునేవాళ్లు.

ఆ ఇంట్లో కట్టుబాటు ఒకటే. రాయి చూసినవాడు ఆ రాయి కొనకూడదు. నలభై ఏండ్లలో లక్షల రాళ్లు ఆయన చేతి మీదుగా పోయినాయి. ఒక్కటీ కొనలేదు. ఆయన భార్య చేతులకు మట్టిగాజులు తప్ప ఏమీ ఉండేవి కాదు.

ఆ వారం ఉస్తాద్ పెనుకొండ ఉరుసుకు పోయినాడు. పని మా ఇద్దరికీ అప్పజెప్పినాడు.

ఆయన పోయిన మరుసటి దినమే ఒక ఆమె వచ్చింది. ముప్పై ఏండ్లు ఉంటాయేమో. గడప దగ్గరే నిలబడి, రమ్మన్నాక వచ్చి చాప అంచున కూర్చుంది. కొంగు ముడి విప్పి ఒక ఉంగరం తీసింది.

"ఇది మా ఆయన నిశ్చితార్థం నాడు నాకు తొడిగింది సార్. ఈ రాయి ఆయనకే చేన్లో దొరికింది. అందరూ అమ్మమన్నా అమ్మలేదు. సాన పట్టించి, ఉంగరం చేయించి నాకు పెట్టినాడు. ఆయన పోయి ఏడాదయింది. వానలు దిగకముందే ఇంటికి రేకులు వేయించాల. ఎంత చేస్తాదో చూసి చెప్పండి."

యాభై రూపాయల నోటు తీసి మా ముందర పెట్టింది.

ఓబులేసు లెన్సు కంటికి పెట్టుకున్నాడు. చాలాసేపు చూసినాడు. వాని చెవులు ఎర్రబడినాయి. తర్వాత ఉంగరం నాకిచ్చినాడు. నేనూ చూసినా. అంత తెల్లని రాయి నేను నా జన్మలో నాలుగుసార్లు చూసి ఉంటానేమో.

"అమ్మా, ఇదో, ఈ అంచు దగ్గర చిన్న బీట ఉంది" అన్నాడు ఓబులేసు. "నడుమ ఒక నల్లచుక్క ఉంది. సాన సమంగా పట్టలేదు, ఒక పక్క పలచన. దీనికి బిల్లు లేదు, సర్టిఫికెట్టు లేదు. నువ్వు ఏ అంగడికి పోయినా ఇవే చెప్తారు."

నాలుగూ నిజమే. ఆ చుక్క లెన్సుకు తప్ప కంటికి కనపడదు. ఆ బీట గోటికి తగలదు. అంత తెలుపు ముందర ఆ నాలుగూ ఒక లెక్క కాదు. ఆ మాట వాడు చెప్పలేదు.

ఆమె మొహం చిన్నబోయింది. "అంటే చెడ్డ రాయా సార్? ఆయన చానా మంచిదనుకున్యాడే."

"చెడ్డదని నేను అనలేదు. ఉన్నవి చెప్తాండా."

"మరి ఎంతొస్తాది?"

"నువ్వెంత అనుకుంటాండావు?"

"రేకులకు నలభై వేలు అవుతాదని చెప్పినారు."

"అయితే నేనే తీసుకుంటాలే" అన్నాడు.

ఆమె రెండు చేతులెత్తి మొక్కింది. లక్షన్నరకు పైసా తగ్గని రాయిని నలభై వేలకిచ్చి, పైగా మొక్కింది. తన ఊరి పేరు చెప్పి, రేకులు వేయించినాక ఒకసారి వచ్చి చూసిపొమ్మని కూడా చెప్పింది.

నేను పక్కనే ఉన్నా. నోరు తెరవలేదు. తెరిస్తే వాని ఉంగరం చెడుతుంది, నాకెందుకనుకున్నా. స్నేహమనుకున్నా. థూ, అదేం స్నేహం!

ఆమె పోయినాక మాత్రం అన్నా. "చూసినవాడు కొనకూడదు కదరా."

"వ్యాపారానికి కొన్నానా? నా పెండ్లికి కొన్నా. అయినా ఒక్క అబద్ధం చెప్పినానేమో నువ్వే చెప్పు."

ఏం చెప్పాల? వాడు అబద్ధం చెప్పలేదు.

మూడో దినం ఉస్తాద్ ఉరుసు నుంచి వచ్చినాడు. ఇంకా కాళ్లు కడుక్కొని కూర్చున్నాడో లేదో, ఓబులేసు తెల్ల కాగితం పరిచి ఉంగరం దాని మీద పెట్టినాడు. దాచాలనే ఆలోచన వానికి లేదు. పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లోని మాదిరి నిలబడినాడు.

ఉస్తాద్ ఉంగరం తీసి రాయి మీద నోటితో ఆవిరి ఊదినాడు. మసక పట్టినట్టే పట్టి అప్పుడే విడిచింది. వెలుతురుకు తిప్పి చూసి, "మంచి రాయి" అన్నాడు. "ఎవరిది?"

ఓబులేసు మొత్తం చెప్పినాడు. కొంగు ముడి, రేకులు, నలభై వేలు, ఏదీ వదల్లేదు. చెప్పి, "ఇన్నాళ్లు తిరిగింది ఊరికే పోలేదు ఉస్తాద్. కొంటే ఇట్ల కొనాల" అన్నాడు.

"కట్టుబాటు?"

"వ్యాపారానికి కాదు కదా ఉస్తాద్. అబద్ధమూ ఆడలేదు."

"మచ్చలు చెప్పినావా?"

"నాలుగూ చెప్పినా. ఒక్కటీ కల్పించలేదు."

"తెలుపు చెప్పినావా?"

"ఆమె అడగలేదు ఉస్తాద్."

ఉస్తాద్ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది, మేమిద్దరం తలలొంచుకొని తిట్లు తిని బయటపడేవాళ్లం. ఆయన ఉంగరాన్ని కాగితం మీద పెట్టి కిటికీలోనుంచి బయటికి చూస్తా కూర్చున్నాడు.

"మచ్చలు చూడడం నేర్పించింది నేనే" అన్నాడు చివరికి.

తర్వాత లేచి, డబ్బాలోనుంచి యాభై రూపాయలు తీసి ఉంగరం పక్కన పెట్టినాడు. "ఇది ఆమెది. ఇచ్చేయి."

ఓబులేసు మొహం వాడిపోయింది. "ఉంగరం కూడా ఇచ్చేయమంటారా?"

"నేను ఇచ్చేయమంటే ఇచ్చేస్తావు బేటా. నా మాటకు ఇస్తావు. మళ్లా నేను ఊర్లో లేనప్పుడు ఇంకొకటి కొంటావు."

"మరి ఏం చేయాల?"

"ఇది ఎవరికి తొడగాలని కొన్నావో ఆ పిల్ల దగ్గరికి పో. నాకు చెప్పినట్టే అంతా చెప్పు. ఒక్క ముక్క తగ్గించొద్దు. అంతా విని ఆ పిల్ల వేలు చాపితే తొడుగు. నేనొచ్చి దీవిస్తా."

నా వైపు తిరిగినాడు. "నువ్వూ పో. ఆరోజు నువ్వూ ఉన్నావు కదా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

బస్టాండుకు పోయే దావలో ఓబులేసు తేలికపడినాడు. నవ్వినాడు కూడా. "ఇంతేనా? నేను ఇంకా ఏమంటాడో అనుకున్యా. భ్రమర కండక్టరప్పా, రూపాయి చిల్లరకు కూడా లెక్క చూసే మనిషి. లక్షన్నర రాయి నలభై వేలకు తెచ్చినాడంటే ఆమె నన్ను నెత్తిన పెట్టుకుంటాది."

మధ్యాహ్నం మేము పోయేసరికి ఆమె బస్సు కదలడానికి ఇంకా పది నిమిషాలు ఉంది. టికెట్ల మిషను భుజానికి తగిలించుకొని సిమెంటు బెంచీ మీద కూర్చొని టీ తాగుతా ఉంది. వాణ్ణి చూడగానే ఆమె మొహం విప్పారింది. ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తే.

ఓబులేసు కాగితం విప్పి ఉంగరం చూపించినాడు.

"అబ్బ, ఎంత బాగుంది" అనింది. చెయ్యి తుడుచుకొని చాపబోయింది.

"ఉండు. ముందు ఒక మాట చెప్పాల. ఉస్తాద్ చెప్పమన్నాడు."

చెప్పినాడు. ఒక్క ముక్క తగ్గించలేదు, అది మాత్రం ఒప్పుకోవాల. మొదట్లో ఆమె నవ్వుతానే వినింది. ఓబులేసుకు హుషారు వచ్చింది. నాలుగు మచ్చలు వేళ్ల మీద లెక్కపెట్టి చూపించినాడు. నలభై వేలన్నాడు, లక్షన్నరన్నాడు. "ఇచ్చినందుకు ఆమె నాకు మొక్కింది కూడా" అన్నాడు.

భ్రమరాంబ టీ గ్లాసు పక్కన పెట్టింది.

"ఆమె ఉంగరాన్ని వేలి నుంచి తీసి ఇచ్చిందా?"

"లేదు. కొంగు ముడిలోనుంచి."

"అంటే ఇంటికాడనే తీసేసి వచ్చింది. నీ ముందర తీయలేననుకునింది."

భ్రమరాంబ చాపబోయిన చెయ్యి ఎప్పుడు వెనక్కి తీసుకుందో నేను గమనించలేదు. ఇప్పుడు చూస్తే టికెట్ల మిషను మీద ఉంది.

"ఆ తెలుపు సంగతి ఆమెకు ఎందుకు చెప్పలేదు?"

"అడగలేదు భ్రమరా."

"నన్ను దినానికి ముప్పై మంది చిల్లర అడగడం మర్చిపోయి దిగిపోతారు" అనింది. "పిలిచి ఇస్తా."

ఓబులేసు మొహం మారింది. ఉంగరాన్ని కాగితంలో మడిచినాడు. "తప్పే. నాది తప్పే. ఇప్పుడే పోయి ఆమెకు ఇచ్చేస్తా." ఇచ్చినాడు కూడా. ఆ సాయంత్రమే ఆ ఊరికి పోయి, ఉంగరం, యాభై రూపాయలు ఆమె చేతిలో పెట్టి, నిజం ధర చెప్పి, తెలుపు చెప్పి, నమ్మకమైన వ్యాపారి పేరు రాసిచ్చి, రాయి అమ్మినాకనే నలభై వేలు తిరిగిమ్మని చెప్పి వచ్చినాం. కానీ అది తర్వాత.

"నీకు బిల్లుతో, సర్టిఫికెట్టుతో కొత్తది కొంటా. ఏ అంగట్లో కావాలంటే ఆ అంగట్లో. నువ్వే ఏరుకో" అన్నాడు.

"ఉంగరం గురించి కాదు ఓబులేసూ." ఆమె గొంతులో కోపం లేదు. కండ్లలో మాత్రం నీళ్లున్నాయి. "నాకొక మాట చెప్పు. రేపు నువ్వు లేని దినం ఒకటి వస్తాది. అందరికీ వస్తాది. అప్పుడు నేనూ కొంగులో ముడేసుకొని పోవాల్సి వస్తే, ఎవరి దగ్గరికి పోవాల?"

"మా ఉస్తాద్ ఇంటికి పో" అన్నాడు ఓబులేసు వెంటనే. మనస్ఫూర్తిగా అన్నాడు. "ఆ గడపలో మోసం జరగదు."

డ్రైవరు హారన్ కొట్టినాడు. భ్రమరాంబ లేచి, మిషను సర్దుకొని, బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఆగింది.

"ఆమె కూడా అక్కడికే కదా వచ్చింది" అనింది.

బస్సు కదిలింది. కాగితంలో మడిచిన ఉంగరం ఓబులేసు చేతిలోనే ఉండిపోయింది.