తోట గుమ్మం దగ్గర చెప్పులు

బొంతు పోలయ్యకు అన్యాయం జరిగింది 1983 నవంబరు 17న, పట్టపగలు, సెషన్సు కోర్టులో, ఫ్యాను గాలి కింద. తమలపాకు తోటలో కూలి అతను. యజమానిని చంపాడని యావజ్జీవం వేశారు. చంపుతుండగా చూసినవాడు ఒక్కడూ లేడు. ఆనవాళ్లు మాత్రం కావలసినన్ని ఉన్నాయి.

ఈ పేరు భాస్కరం ఎన్నడూ వినలేదు. కొత్తగా ప్రభుత్వ వకీలైన అతను ఒక ఆదివారం పొద్దున్నే ఫైలు చంకన పెట్టుకుని గురువుగారు రాజ్యలక్ష్మిగారి ఇంటికి వచ్చాడు. మర్నాడు గౌరమ్మ అనే వంటమనిషి మీద హత్య కేసులో ఆఖరి వాదన చెప్పాలి.

"చచ్చిపోయిన ముసలావిడతో ఆఖరున ఉన్నది గౌరమ్మే. తెల్లారేసరికి చీర ఉతికి ఆరేసింది. సాక్ష్యాల గొలుసులో ఒక్క లింకు ఊడలేదు మేడమ్. ఇంకా సందేహమంటే అది సందేహం కాదు, మొహమాటం. ఏమంటారు?"

ఆవిడ ఫైలు ముట్టుకోలేదు. "కారు తియ్యవయ్యా" అంది.

గంట తర్వాత ఒక తమలపాకు తోట ముందు దిగారు. కంచె గుమ్మం దగ్గర సూరమ్మ అనే ముసలి కూలి అతన్ని ఆపేసింది.

"చెప్పులతో ఎక్కడికి బాబూ? తీగ ఎండిపోద్ది. నీళ్లు పోసుకుని రా."

"ఇంట్లో స్నానం చేసే వచ్చానమ్మా."

"ఇంట్లో చేసింది ఇంటికి. ఇక్కడ చేసేది తోటకి."

భాస్కరం నవ్వుతూ చెప్పులు విప్పాడు, నూతి దగ్గర రెండు బకెట్లు పోసుకున్నాడు, తడి చొక్కా కంచె మీద ఆరేసి, సూరమ్మ ఇచ్చిన తుండు కట్టుకుని లోపలికి వెళ్లాడు. అవిసె చెట్లకు అల్లుకున్న తీగల మధ్య తిరిగి వచ్చేసరికి రాజ్యలక్ష్మిగారు గట్టు మీదే కూర్చుని ఉంది.

"లోపల ఇప్పుడు శవం దొరికిందనుకో. నీ చెప్పులు గుమ్మం దగ్గర. తడిపిన చొక్కా కంచె మీద. నువ్వు ఒళ్లు కడుక్కోవడం ఈవిడ చూసింది. ఏ లింకు ఊడిందో చెప్పు."

"ఇక్కడ అందరూ రోజూ చేసేదే కదండీ! ఎవర్నడిగినా చెప్తారు."

"ఎవర్నీ అడగలేదు" అని ఆవిడ పోలయ్య సంగతి చెప్పింది. తెల్లారగట్ల పనికొచ్చి, స్నానం చేసి, లోపల శవాన్ని చూసి, అరుస్తూ ఊళ్లోకి పరుగెత్తాడు. చెప్పులు వదిలి పారిపోయాడన్నారు. నెత్తురు కడుక్కోవడానికి కాకపోతే ఆ వేళప్పుడు స్నానమెందుకని పట్నంలో పెరిగిన జడ్జిగారు తీర్పులో రాశారు. రెండున్నరేళ్లకు యజమాని బావమరిది నేరం ఒప్పుకున్నాడు.

భాస్కరానికి ఒళ్లు మండింది. "అతని వకీలు గాడిదలు కాస్తున్నాడా?"

"ఆ వకీలు ఈ అమ్మగారే బాబూ" అంది సూరమ్మ. "పోలయ్య నా పెనిమిటి. జైలుకెళ్లి నేనూ అడిగాను, ఈ స్నానం ముక్క కోర్టులో ఎందుకు చెప్పలేదయ్యా అని. అడిగితే కదే చెప్పేది, అన్నాడు."

కంచె మీద చొక్కా ఇంకా కారుతూనే ఉంది. భాస్కరం దాన్ని ముట్టుకోలేదు. గౌరమ్మ రోజూ చీర ఎప్పుడు ఉతుకుతుందో సాక్షుల్లో ఒక్కర్నీ అతను అడగలేదు.

"చివరికి విడిచిపెట్టారు కదండీ?" అన్నాడు.

"విడిచిపెట్టారు" అంది రాజ్యలక్ష్మిగారు, సూరమ్మ వైపు చూడకుండా. "విడుదల ఉత్తర్వు జైలుకు చేరింది 1986 జులై 29న. పోలయ్య పోయింది జూన్ 11న."